మిసిసిపీకి తూర్పున స్పైడర్‌మ్యాన్ ఎవరి ఇంటివాడు?

తూర్పు తీరం (టాంపా)

అందరికీ నమస్కారం. మేము టాంపాలో ఉంటాం. ఓర్లాండో మాకు గంటన్నర దారి. పోయిన వేసవిలో విజయవాడ నుంచి మా అక్క కుటుంబం వచ్చినప్పుడు పిల్లలను డిస్నీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు తీసుకువెళ్ళాం. టికెట్లు విజయవాడలోనే ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర కొనుక్కుని వచ్చారు. స్పైడర్‌మ్యాన్ కామిక్స్ సంస్థ మార్వెల్ డిస్నీదే కాబట్టి అతడు తప్పకుండా కనిపిస్తాడని ఆయన హామీ ఇచ్చాడట. మా అక్క కొడుకుకు ఎనిమిదేళ్ళు. స్పైడర్‌మ్యాన్ చొక్కా తొడుక్కుని, సంతకం కోసం కొత్త పుస్తకం చేత్తో పట్టుకుని, ఆ ఎండలో సాయంత్రం దాకా వెతికాడు. చివరికి అక్కడ పనిచేసే ఒకావిడ వాడి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, అతడు ఈ పార్కులో ఉండడని మెల్లగా చెప్పింది. వాడు ఏడవలేదు. పుస్తకం మూసి నా చేతికి ఇచ్చాడు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

మరునాడు యూనివర్సల్ వారి ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కు వెళితే స్పైడర్‌మ్యాన్, హల్క్, కెప్టెన్ అమెరికా అందరూ అక్కడే ఉన్నారు. 2009లో మార్వెల్‌ను కొన్నది డిస్నీ అయితే, ఆ పాత్రలు పోటీ సంస్థ ఆవరణలో ఎలా ఉన్నాయి? పైగా కాలిఫోర్నియాలో డిస్నీకి అవెంజర్స్ పేరుతో ఒక ప్రాంగణమే ఉంది కదా? తెలిసినవారు వివరంగా చెబితే, వాడికి ఫోనులో అర్థమయ్యేలా చెప్పాలని ఉంది.

ఒప్పందాల చదువరి (న్యూజెర్సీ)

తూర్పు తీరం గారూ, లైసెన్సు ఒప్పందాలు రాయడం, చదవడం నా వృత్తి. మీరు అడిగినదానికి మూలం 1994 మార్చి 22న మార్వెల్ సంస్థకూ, అప్పటి యూనివర్సల్ మాతృసంస్థ ఎం.సి.ఎ.కూ మధ్య జరిగిన ఒప్పందం. అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థకు సమర్పించిన కాగితాలలో అది చేరినందువల్ల ఎవరైనా చదువుకోవచ్చు. అది రాసిన నాటికి డిస్నీ ఆ చిత్రంలోనే లేదు. అయిదేళ్ళ తరువాత, 1999 మే 28న ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్ తెరిచినప్పుడు అందులో మార్వెల్ సూపర్ హీరో ఐలండ్ ఒక భాగమైంది.

ఆ ఒప్పందం అమెరికాను మిసిసిపీ నది వెంట రెండుగా విడదీస్తుంది. నదికి తూర్పున యూనివర్సల్ ఏ పాత్రలను వాడుతున్నదో వాటిని మరే థీమ్ పార్కుకూ మార్వెల్ ఇవ్వకూడదు. నదికి పడమట ఏ పాత్రనైనా ఇవ్వవచ్చు కానీ, ఆకర్షణ పేరులో గానీ ప్రచారంలో గానీ మార్వెల్ అన్న మాట వాడనివ్వకూడదు. కాలిఫోర్నియాలో 2021 జూన్ 4న తెరిచిన ప్రాంగణానికి అవెంజర్స్ క్యాంపస్ అని పేరు పెట్టారే తప్ప మార్వెల్ అన్న మాట చేర్చలేదు. కారణం ఈ షరతే. ఐరోపాకు ఆ షరతు లేదు కాబట్టి, అదే 2021లో పారిస్ డిస్నీలో ఒక హోటల్ పేరులోనే మార్వెల్ అని పెట్టుకోగలిగారు.

ఇక అసలు కీలకం ‘వాడుతున్న పాత్ర’ అన్న మాటకు ఆ ఒప్పందం ఇచ్చుకున్న నిర్వచనంలో ఉంది. ఒక పాత్ర గానీ, ఆ పాత్ర కుటుంబానికి చెందిన మరొకటి గానీ ఒక రైడ్‌లో నామమాత్రంగా కాక ప్రధానంగా కనిపించినా, వేషధారిగా సందర్శకుల మధ్యకు వచ్చినా, ఒక దుకాణానికో భోజనశాలకో అలంకరణలో ముఖ్య భాగమైనా అది వాడుకలో ఉన్నట్టే. దానితో పాటు ఆ కుటుంబంలో ఒక్కరైనా గడిచిన ఏడాదిలో యూనివర్సల్ ప్రచారంలో కనిపించి ఉండాలి. కుటుంబం అన్న మాట నా సొంతం కాదు, ఒప్పందంలో ఉన్నదే. ఫెంటాస్టిక్ ఫోర్ ఒక కుటుంబం, అవెంజర్స్ ఒక కుటుంబం. ఒక నాయకుడు వాడుకలో ఉంటే అతడి ప్రతినాయకులు కూడా అతడితో పాటే లెక్క.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

చదువరి గారు రాసినది రెండుసార్లు చదివాను. ఇది మా ప్రాంతపు రైతుకు వెంటనే అర్థమయ్యే వ్యవహారం. మా నాన్నగారు కొబ్బరితోట కొన్నప్పుడు, అందులో పాత కౌలుదారు ఉన్నాడన్న సంగతి మధ్యవర్తి దాచిపెట్టాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక తోటకు వెళ్ళిన నాన్నగారికి కాయలు దింపిస్తున్న మనిషి ఎదురుపడి, పాత యజమాని సంతకం చేసిన కాగితం చూపించాడు. భూమి మాదే అయింది. కాయ మాత్రం ఆ గడువు తీరేదాకా ఆయనదే. కొన్నవాడికి అమ్మినవాడి హక్కులు ఎలా సంక్రమిస్తాయో, అమ్మినవాడు ఇచ్చిన మాట కూడా అలాగే సంక్రమిస్తుంది.

డిస్నీ కూడా కౌలుదారు ఉన్న తోటను కొన్నది. నా సందేహం గడువు గురించే. మా తోట కౌలుకు ముగింపు తేదీ ఉంది. ఈ కౌలుకు ఉందా?

ఒప్పందాల చదువరి (న్యూజెర్సీ)

గోదారి గట్టు గారూ, మీ పోలిక నూటికి నూరుపాళ్ళూ సరిపోయింది, ఒక్క గడువు విషయంలో తప్ప. ఈ కౌలుకు క్యాలెండర్‌లో తేదీ లేదు. యూనివర్సల్ ఆ ఆకర్షణలను నడుపుతూ, వాటిని తగిన ప్రమాణాలతో చూసుకుంటూ, ఏటా రుసుము చెల్లిస్తున్నంత కాలం హక్కు నిలిచే ఉంటుంది. అంటే తోటను దున్నుతూ, నీరు పెడుతూ ఉన్నంత కాలం తోట వారి చేతిలోదే. బీడు పెడితే పోతుంది.

ఈ దృష్టితో చూస్తే ఆ పార్కులో కనిపించే ప్రతి చిన్న వస్తువుకూ ఒక చట్టపరమైన పని ఉన్నట్టు తెలుస్తుంది. తూర్పు తీరం గారూ, మీరు అక్కడ కెప్టెన్ అమెరికా పేరుతో ఉన్న భోజనశాల చూసే ఉంటారు. దానికి కొద్ది దూరంలో ఫెంటాస్టిక్ ఫోర్ అలంకరణతో కెఫే 4 కూడా ఉంటుంది. చూసేవారికి అవి బర్గరు, పీజా దొరికే చోట్లు. నాలాంటివాడికి అవి ఒప్పందంలోని మూడో నిబంధనను నిలబెట్టే గోడలు. కెప్టెన్ అమెరికా అవెంజర్స్ కుటుంబంవాడు కాబట్టి, ఆ భోజనశాలలో పొయ్యి వెలుగుతున్నంత కాలం, ప్రచారంలో ఆ కుటుంబం కనిపిస్తున్నంత కాలం, ఐరన్‌మ్యాన్‌కు అంటూ ఒక్క రైడ్ లేకపోయినా అతడు ఓర్లాండోలోని డిస్నీ పార్కులకు రావడం కష్టం.

ఇలాంటి ఆకర్షణ మూతపడటం జపానులో చూడవచ్చు. ఒసాకాలోని యూనివర్సల్ పార్కులో 2004లో మొదలైన స్పైడర్‌మ్యాన్ రైడ్ ఇరవై ఏళ్ళు నడిచి 2024 జనవరి 22న మూతపడింది. ఓర్లాండోలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2012లో స్పైడర్‌మ్యాన్ రైడ్ దృశ్యాలన్నీ కొత్తగా తయారు చేశారు. 2015లో హల్క్ కోస్టర్‌ను ఆపి, పట్టాలు మార్చి, 2016 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. వదులుకోవాలనుకునే కౌలుదారు కొత్త బోరు వేయించడు.

మెట్రో పిల్లర్ (హైదరాబాద్)

నేను విన్నదాని ప్రకారం, మార్వెల్ దివాలా తీసిన రోజుల్లో చేతికి అందినంత డబ్బుకు ఈ హక్కులు తెగనమ్ముకున్నది. ఆకలితో ఉన్నవాడి దగ్గర రాయించుకున్న కాగితాన్ని ఇంత కాలం గౌరవించడం న్యాయమా అన్నది నా ప్రశ్న.

పాత కామిక్స్ (డాలస్)

మెట్రో పిల్లర్ గారూ, ఈ మాట చాలామంది అంటారు కానీ తేదీలు చూస్తే పొసగదు. మార్వెల్ దివాలా రక్షణ కోరింది 1996 డిసెంబరులో. యూనివర్సల్‌తో ఒప్పందం దానికి రెండేళ్ళ తొమ్మిది నెలల ముందు జరిగింది. అప్పటికి మార్వెల్‌కు యజమాని రోనాల్డ్ పెరెల్‌మన్. 1989లో 8.25 కోట్ల డాలర్లకు కొని, కామిక్స్ మాత్రమే కాక బొమ్మలు, ట్రేడింగ్ కార్డుల వ్యాపారంగా దాన్ని పెంచుతున్న రోజులవి. ఒక పెద్ద సంస్థ తన పాత్రల కోసం ఒక ద్వీపమే కట్టి పెడతానంటే ఆనాటి మార్వెల్‌కు అది గొప్ప గౌరవం. ఈ పాత్రల మీద సినిమాలు లోకమంతా ఆడతాయని అప్పుడు ఎవరూ ఊహించలేదు. మొదటి ఎక్స్-మెన్ సినిమా రావడానికే ఇంకా ఆరేళ్ళుంది.

ఈ సందర్భంలో నా మనసులో ఎప్పటినుంచో ఉన్న ఒక మాట చెబుతాను. హల్క్, ఫెంటాస్టిక్ ఫోర్, డాక్టర్ డూమ్, ఎక్స్-మెన్, అంతకు ముందు 1940లో జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికా, వీళ్ళందరికీ బొమ్మ గీసి రూపం పోసిన జాక్ కిర్బీ 1994 ఫిబ్రవరి 6న కన్నుమూశాడు. ఒప్పందం మీద సంతకాలు పడింది మార్చి 22న. మధ్యలో ఆరు వారాలు. నది తూర్పున ఎవరు, పడమట ఎవరు అని పెద్ద సంస్థలు వాదించుకునే ఈ పాత్రలలో సగం ఆయన పెన్సిలు కింద పుట్టినవే, కానీ ఆ కాగితంలో ఆయనకు చోటు లేదు. ఆయన పిల్లలు తరువాత హక్కుల కోసం కోర్టుకు వెళ్ళి, 2014 సెప్టెంబరులో మార్వెల్‌తో రాజీపడ్డారు. కౌలు గురించి మాట్లాడేటప్పుడు ఆ తోట నాటిన చేతిని కూడా తలుచుకోవాలని నా కోరిక.

తూర్పు తీరం (టాంపా)

పాత కామిక్స్ గారూ, ఈ సంగతి నాకు అసలు తెలియదు. వాడికి ఇది కూడా చెబుతాను.

ఇంకొక సందేహం. మేము ఎప్‌కాట్‌లో గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ పేరుతో ఉన్న కోస్టర్ ఎక్కాం. అదీ డిస్నీ పార్కే, అదీ ఓర్లాండోలోనే, వాళ్ళూ మార్వెల్ పాత్రలే. మరి అది ఎలా కుదిరింది?

ఒప్పందాల చదువరి (న్యూజెర్సీ)

అది కుటుంబ నిబంధనలోని ఖాళీ. 1999లో యూనివర్సల్ ఆ ద్వీపాన్ని తీర్చినప్పుడు గార్డియన్స్‌ను ఎవరూ పట్టించుకోలేదు. రైడ్ లేదు, వేషధారి లేడు, దుకాణం లేదు. కాబట్టి వాళ్ళు వాడుకలో లేని కుటుంబం. 2014లో సినిమా వచ్చి పెద్ద విజయం సాధించాక డిస్నీ ఆ ఖాళీలోకి అడుగు పెట్టి, 2022 మే 27న ఎప్‌కాట్‌లో కాస్మిక్ రివైండ్ తెరిచింది. ఫ్లోరిడా డిస్నీ పార్కుల్లో మార్వెల్ పాత్రలతో కట్టిన మొదటి రైడ్ అదే. సంస్థను కొన్న పన్నెండేళ్ళకు పైగా ఆగాక వచ్చిన మొదటి రైడ్ అన్నమాట. మీరు మళ్ళీ వెళితే ద్వారం దగ్గర పేరు జాగ్రత్తగా చదవండి. గార్డియన్స్ అని ఉంటుంది, మార్వెల్ అని ఉండదు.

ఎడారి పూలు (అబుదాబీ)

మాది గుంటూరు, ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉంటున్నాం. మిసిసిపీ గీత లేని చోట వ్యవహారం ఎలా ఉంటుందో చెప్పడానికి మా ప్రాంతం మంచి ఉదాహరణ. దుబాయ్‌లో 2016 ఆగస్టు 31న తెరిచిన ఐ.ఎం.జి. వరల్డ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో మార్వెల్ పేరుతోనే ఒక విభాగం ఉంది. అది డిస్నీ పార్కు కాదు, లైసెన్సు తీసుకున్న స్థానిక సంస్థది. హల్క్, థోర్, స్పైడర్‌మ్యాన్ పేర్లతో అక్కడ రైడ్‌లు ఉన్నాయి. బయట నలభై అయిదు డిగ్రీల వేడిలో పార్కింగ్ నుంచి నడిచి ఆ చల్లని భవనంలోకి అడుగు పెట్టగానే మా పిల్లలకు ఎదురుగా అవెంజర్స్ కనిపిస్తారు. యజమాని ఎవరన్నది వాళ్ళకు పట్టదు.

మా ఊళ్ళో యాస్ ద్వీపంలో 2018 జూలైలో వార్నర్ బ్రదర్స్ వరల్డ్ వచ్చింది. అందులో సూపర్‌మ్యాన్‌కు మెట్రోపొలిస్, బ్యాట్‌మ్యాన్‌కు గోథమ్ నగరం అని వేరువేరు వీధులు కట్టారు. దాన్ని నడిపేది మిరాల్ అనే ఇక్కడి సంస్థ. 2025 మేలో డిస్నీ ఇదే యాస్ ద్వీపంలో తన పార్కు వస్తుందని ప్రకటించింది. దాన్ని కట్టేదీ, నడిపేదీ మళ్ళీ అదే మిరాల్. ఓర్లాండోలో పోటీ సంస్థలు గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరుగా ఉంటే, ఇక్కడ పోటీ సంస్థల పాత్రలు ఒకే నిర్వాహకుడి చేతి కిందికి వస్తున్నాయి. ఇది మంచికో చెడుకో నేను చెప్పలేను కానీ, మా పిల్లలు మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

మెట్రో పిల్లర్ (హైదరాబాద్)

దివాలా విషయంలో నా పొరపాటును సరిదిద్దినందుకు పాత కామిక్స్ గారికి కృతజ్ఞతలు. అయినా ఒక విషయం మింగుడుపడటం లేదు. డిస్నీ మార్వెల్ కోసం 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టింది. ఇంకొంత పెట్టి ఈ ఒప్పందాన్ని కూడా కొనేస్తే సరిపోదా? వ్యాపారంలో ప్రతిదానికీ ఒక ధర ఉంటుంది కదా?

ఒప్పందాల చదువరి (న్యూజెర్సీ)

ధర ఉండాలంటే అమ్మేవాడికి అమ్మే అవసరం ఉండాలి. ఆ ద్వీపం వల్ల యూనివర్సల్‌కు రెండు లాభాలు. టికెట్ల రాబడి ఒకటి. పోటీదారు చేతికి అవెంజర్స్ అందకుండా ఉండటం రెండోది. ఆ రెండో లాభానికి ఏ లెక్కల పుస్తకంలోనూ అంకె దొరకదు. డిస్నీకి కూడా ఇది పూర్తి నష్టం కాదు, ఎందుకంటే ఏటా లైసెన్సు రుసుము ఇప్పుడు డిస్నీ సంస్థ అయిన మార్వెల్‌కే చేరుతుంది.

ఈ ఒప్పందం గట్టిదనాన్ని యజమానుల మార్పులతో కొలవవచ్చు. సంతకం చేసిన నాడు ఎం.సి.ఎ. జపానుకు చెందిన మత్సుషిటా చేతిలో ఉంది. 1995లో కెనడా వారి సీగ్రామ్‌కు, 2000లో ఫ్రాన్సు వారి వివెండికి, 2004లో జనరల్ ఎలక్ట్రిక్‌కు, 2011లో కామ్‌కాస్ట్‌కు వెళ్ళింది. అటువైపు మార్వెల్ దివాలా చూసింది, టాయ్ బిజ్ అనే బొమ్మల సంస్థతో కలిసింది, చివరికి డిస్నీకి చేరింది. రెండు వైపులా ఇన్నిసార్లు ఇళ్ళు మారినా, ఆ కాగితంలోని నది తన చోటు నుంచి కదలలేదు.

ఇచ్చిపుచ్చుకోవడం జరగదని కాదు. 2006లో ఎన్.బి.సి. యూనివర్సల్ దగ్గర ఉండిపోయిన ఆస్వాల్డ్ అనే కుందేలు పాత్రను డిస్నీ తిరిగి తెచ్చుకున్నది. అది వాల్ట్ డిస్నీ 1927లో సృష్టించి పోగొట్టుకున్న పాత్ర. బదులుగా తన క్రీడా ఛానెల్‌లో ఒప్పందం మీద ఉన్న వ్యాఖ్యాత అల్ మైఖేల్స్‌ను ఎన్.బి.సి.కి వెళ్ళనిచ్చింది. అయితే ఆ కుందేలు యూనివర్సల్‌కు అక్కరలేని పాత్ర. హల్క్ అలా కాదు.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

నిజమే. మా కౌలుదారు కూడా గడువులోగా తోట వదలడానికి ఎంత ఇస్తామన్నా ఒప్పుకోలేదు. పక్క తోటవాళ్ళకు ఆ కాయ దక్కకూడదన్న పంతం ఆయనకు ఉండేది.

పాత కామిక్స్ (డాలస్)

మనుషుల ఒప్పందాలకు తేదీ లేకపోయినా కాపీరైటుకు ఉంది. అమెరికా చట్టం ప్రకారం సంస్థల పేరిట ప్రచురించిన ఆ కాలపు కథలకు 95 ఏళ్ళు రక్షణ. 1938లో వచ్చిన మొదటి సూపర్‌మ్యాన్ కథ 2034 జనవరి 1న అందరి సొత్తు అవుతుంది. 1939 నాటి బ్యాట్‌మ్యాన్ 2035లో, కెప్టెన్ అమెరికా 2036లో. 1962లో పుట్టిన స్పైడర్‌మ్యాన్, హల్క్ 2058 దాకా ఆగాలి. అప్పుడు కూడా విడుదలయ్యేది ఆ మొదటి కథలోని రూపమే. తరువాత చేరిన కథలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. పేరు మీదా, గుర్తుల మీదా ట్రేడ్‌మార్కు హక్కులు అలాగే ఉంటాయి. మన ఘటోత్కచుడు ఎవరి సొత్తూ కాడు, ఎవరైనా ఆయన కథతో పార్కు కట్టుకోవచ్చు. కానీ ఒక సినిమావారు ఆయనకు తీర్చిన ప్రత్యేకమైన వేషాన్నీ చిత్రాన్నీ యథాతథంగా తెచ్చి ద్వారం మీద పెడితే, ఆ సినిమా హక్కుదారు అడగవచ్చు. తేడా అక్కడ ఉంది.

ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో వేషధారులు సినిమా నటుల్లా కాక కామిక్స్ బొమ్మల్లా ఉండటానికీ ఇదే కారణం. యూనివర్సల్‌కు దక్కినది కామిక్స్ పాత్ర. మార్వెల్ స్టూడియోస్ సినిమాల్లోని ముఖాలు, దుస్తులు వేరే ఆస్తి. నాకు మాత్రం ఆ పాత రూపమే ఇష్టం. ముదురు రంగులు, గోడల మీద మనిషికి నాలుగింతల ఎత్తున నిలబెట్టిన చదును బొమ్మలు, నాలుగు చక్రాల మోటారు బళ్ళ మీద దూసుకొచ్చే ఎక్స్-మెన్, ఇవన్నీ నా చిన్ననాటి పుస్తకం పుటలు లేచి నిలబడినట్టు ఉంటాయి.

తూర్పు తీరం (టాంపా)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇదంతా మా అక్క కొడుకుకు ఫోనులో చెప్పాను. వచ్చే డిసెంబరులో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. డిస్నీ వారి విష్ అనే ఓడ పోర్ట్ కెనావరల్ నుంచి బయలుదేరుతుందనీ, అందులో మార్వెల్ పేరుతోనే ఒక భోజనశాల ఉందనీ మా వారు కనుక్కున్నారు. ఓర్లాండో నుంచి గంట దూరంలో ఉన్న రేవులో ఆ పేరు అంత పెద్దగా పెట్టుకోవడం ఎలా కుదిరిందని అడగబోయి, ఓడ థీమ్ పార్కు కాదన్న సంగతి చదువరి గారు చెప్పకుండానే తట్టింది. ఈసారి ఒక రోజు ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కు, తరువాత మూడు రోజులు ఓడకు అని అనుకున్నాం. సంతకాల పుస్తకం నా దగ్గరే ఉంది.

వాడు అట్లాసు తెచ్చుకుని, ఎర్ర పెన్సిలుతో మిన్నెసోటా నుంచి న్యూఆర్లియన్స్ దాకా మిసిసిపీ మీద గీత గీశాడట. జాక్ కిర్బీ పేరు ఎలా రాయాలో రెండుసార్లు అడిగి, అది కూడా పక్కన రాసుకున్నాడట. ఇంకా నిద్రపోకుండా, నది మధ్యలో ఉన్న లంక మీద ఎవరైనా పార్కు కడితే అక్కడ స్పైడర్‌మ్యాన్ ఉండవచ్చా అని అడిగాడు. గోదావరి లంకలు చూసిన పిల్లవాడు కదా. ఆ ప్రశ్న నేను ఒప్పందాల చదువరి గారికే వదిలేస్తున్నాను. జవాబు రాస్తే ఉదయాన్నే వాడికి చదివి వినిపిస్తాను.